రెండో చూపు

చింతలదిబ్బలో క్షిపణి పరీక్ష ఉన్న రోజున ఎవరూ వేటకు వెళ్లరు. ఒడ్డున ఎర్రజెండా ఎగరేస్తారు, పడవలన్నీ ఇసుకలోకి లాగేస్తారు. ఆ రోజు సముద్రం మీదికి వెళ్లేవి నాంచారయ్య చేతుల మీదుగా తయారైన బొమ్మలు మాత్రమే.

బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. మనిషి లేకుండా ఎగిరే చిన్న విమానాలు. వాటిని గాల్లోకి వదిలితే, ఒడ్డున నిలబడ్డ ‘డేగ’ అనే లారీ వాటి మీదికి క్షిపణులు వదిలి తన పనితనం చూపించుకోవాలి. డేగ సైన్యం వెంట పరుగెత్తే బండి. వీపు మీద ఎనిమిది క్షిపణులు, లోపల ముగ్గురు మనుషులు. ఎక్కడో దూరాన ఉన్న శత్రువు సంగతి దానికి పట్టదు. అందరి కళ్లూ గప్పి గుమ్మం దాకా వచ్చిన డ్రోన్‌నో హెలికాప్టర్‌నో కూల్చడమే దాని పని.

బొమ్మల్లో రెండు రకాలుండేవి. మన హెలికాప్టర్లలా, మన విమానాల్లా ఎగిరేవి ‘మనవి’. శత్రువుల వాటిలా ఎగిరేవి ‘ఎదటివి’. క్షిపణి ఎదటిదాన్ని కూల్చాలి. మనదైతే దగ్గర దాకా వెళ్లి, గుర్తుపట్టి, ముక్కు పైకెత్తి పక్కకు తప్పుకొని, ఎవరికీ తగలకుండా పైన తనంతట తనే పేలిపోవాలి. ఆ తప్పుకోవడమే హైదరాబాదు ప్రయోగశాల శాస్త్రవేత్త ఇందుమతి కనిపెట్టింది. దానికామె పెట్టుకున్న పేరు రెండో చూపు.

మొదటి చూపు బండిది. అది తొందరలో చూసే చూపు. రెప్పపాటు ఆలస్యమైతే బండీ మిగలదు, మనుషులూ మిగలరు కాబట్టి తొందరపడక తప్పదు. ఆ తొందరలోనే, చాలా ఏళ్ల క్రితం, సరిహద్దులో ఒక మంచు రోజున, మనవాళ్ల బండి మనవాళ్ల హెలికాప్టర్‌ను కూల్చేసింది. ఆ హెలికాప్టర్ నడుపుతున్నవాడు భాను. ఇందుమతికి ఒక్కగానొక్క తమ్ముడు. శత్రువు చేతిలో పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేదేమో. మనవాళ్ల చేతిలోనే పోయాడన్న మాట ఆమెను ఊరుకోనివ్వలేదు. పెళ్లి మాటెత్తిన వాళ్లను కసిరి పంపించి, ఉన్న ఓపికంతా ఈ పనికే పెట్టింది.

ఎగిరే ప్రతిదానికీ ఒక వణుకుంటుంది. రెక్క వణుకుతుంది, ఇంజను వణుకుతుంది, తోక వణుకుతుంది. క్షిపణి ముక్కులో ఆమె పెట్టిన చిన్న రాడార్ చివరి క్షణంలో ఆ వణుకును చూస్తుంది. ఏది ఎలా వణుకుతుందో మాత్రం ఆమె దానికి నేర్పలేదు. బొమ్మలను వందలసార్లు ఎగరేసి, ఇది మనది, ఇది ఎదటిది అని చెప్పి ఊరుకుంది. తేడా ఏమిటో యంత్రమే పసిగట్టుకోవాలి. పసిపిల్లలకు అమ్మ మొహం ఎవరు నేర్పారు? అలాగే అనుకుంది ఆమె.

నాంచారయ్య ఆ ఊరివాడే. కుర్రతనంలో వేటకు వెళ్లేవాడు. పడవ ఇంజన్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడని పరీక్షా కేంద్రంవాళ్లు పనిలోకి తీసుకున్నారు. బొమ్మలను అమర్చడం, వదలడం, తిరిగొచ్చినవాటిని వలలో పట్టి దించడం అతని పని.

మొదటి రోజునే ఇందుమతి ఒక సంగతి గమనించింది. పైకి వెళ్లబోయే బొమ్మ తోకకు అతను పసుపులో ముంచిన గుడ్డ పేలిక ఒకటి కడుతున్నాడు.

“ఏంటండీ అది?”

“మా పల్లెలో పడవ ఏటకెల్లేటప్పుడు ఇంట్లో ఆడోళ్లు పడవ ముక్కుకి కడతారు మేడంగారూ, గంగమ్మ తల్లి తిరిగి ఇంటికి పంపాలని. దీనికి ముక్కున పంకా ఉంది గదా, అందుకని తోకకి కడతన్నా.”

పక్కన ఇంకో బొమ్మ ఉంది. అది ఎదటిది. దాని తోకకేమీ లేదు.

“మరి దానికి?”

“అది తిరిగి రాదు గదండీ.” నాంచారయ్య నొచ్చుకున్నట్టు చూశాడు. “రానిదానికి కట్టగూడదు. తల్లికి అబద్ధం చెప్పినట్టవుద్ది.”

భద్రత చూసే ఇంజనీరు ఒకాయన చిరచిరలాడాడు. ఎగిరేవాటికి వేలాడే గుడ్డ ముక్కలేమిటి, ఇది ప్రయోగశాలా జాతరా అన్నాడు. ఆయన మాట న్యాయమే. కాని ఇందుమతికి ఆ క్షణంలో భాను గుర్తొచ్చాడు. వాడి హెలికాప్టర్‌కు ఎవరూ ఏమీ కట్టలేదు. “ఉండనివ్వండి. ఆ పేలిక వల్ల ఏం చెడుతుంది?” అంది. పెద్దావిడ మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. తర్వాత అలవాటైపోయింది. పరీక్ష తేదీ చెప్పగానే నాంచారయ్య భార్య చిట్టెమ్మ పాత చీర చింపి, పసుపులో ముంచి, దండెం మీద ఆరేసేది.

రెండో చూపు పట్టుబడిన రోజున ఒడ్డంతా పండగే. మనది వస్తోంది. డేగ గర్జించింది. క్షిపణి పొగ గీత గీసుకుంటూ సూటిగా వెళ్లి, తగులుతుందనగా ముక్కు పైకెత్తి, మేఘాల దగ్గర పేలింది. బొమ్మ తన మానాన తను వచ్చి వలలో పడింది. ఇందుమతి ఇసుకలో కూలబడి, పెద్ద హోదాలో ఉన్న మనిషినన్న సంగతి మరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. నాంచారయ్య బొమ్మ తోక నుంచి గుడ్డ విప్పి ఆమె చేతిలో పెట్టాడు. “మీ తమ్ముడిగారు వచ్చినట్టేననుకోండమ్మా” అన్నాడు.

నాంచారయ్య కొడుకు దినకర్ ఆ పరీక్షలు చూస్తూనే పెరిగాడు. పదో తరగతిలో ఉన్నప్పుడే డేగ టైర్లు లెక్కపెట్టినవాడు డిగ్రీ మధ్యలో వదిలేసి సైన్యంలో చేరాడు. ఏం అదృష్టమో, శిక్షణ అయ్యాక అదే బండి మీద వేశారు. తెర ముందు కూర్చుని మీట నొక్కేది వాడే. సెలవుకొచ్చినప్పుడు పరీక్షా కేంద్రానికి వచ్చి ఇందుమతిని పలకరించాడు.

“మేడం, మీ క్షిపణికి మొహమాటం ఎక్కువంటన్నారండీ మావోళ్లు. ఎల్లినాక కూడా ఆలోచించుద్దంట గదా!”

“ఆలోచించనివ్వవోయ్. నీకు లేని తీరిక దానికుంది” అంది ఇందుమతి నవ్వుతూ.

“నాన్నా, బొమ్మలకేనా, మా బండికి కూడా ఓ పేలిక కట్టకూడదూ?”

“పోరా! నీది సముద్రం మీదికెల్లే బండా? నేల మీద తిరిగేదానికి గంగమ్మతో పనేంటి?” అన్నాడు నాంచారయ్య. చిట్టెమ్మ చేపల పులుసు చల్లారిపోతోందని కేకేసేసరికి తండ్రీకొడుకులిద్దరూ ఇంటి దారి పట్టారు.

ఆ ఏడాదే యుద్ధం వచ్చింది. ఎడారి సరిహద్దులో మొదలై కొద్దివారాల్లో ముగిసిన చిన్న యుద్ధం. చిన్నదని పత్రికలు రాశాయి. పోయినవాళ్ల ఇళ్లలో అది చిన్నదెలా అవుతుంది?

డేగ పేరు మారుమోగిపోయింది. గుంపులుగా వచ్చిన డ్రోన్లను వచ్చినవి వచ్చినట్టే రాల్చింది. ప్రయోగశాలలో మిఠాయిలు పంచుకున్నారు. ఆ మిఠాయి ఇంకా బల్ల మీద ఉండగానే కబురొచ్చింది. ఇంధనం నిల్వలకు కాపలాగా ఉన్న ఒక డేగ మీదికి డ్రోన్ వచ్చింది. బండి సమయానికే చూసింది. సమయానికే క్షిపణి వదిలింది. క్షిపణి దగ్గర దాకా వెళ్లి, ముక్కు పైకెత్తి, పక్కకు తప్పుకొని, పైన ఒంటరిగా పేలింది. ఇంకోటి వదిలే వ్యవధి లేకపోయింది. బండిలో ముగ్గురూ పోయారు. ముగ్గురిలో ఒకడు దినకర్.

చింతలదిబ్బ వెళ్లడానికి ఇందుమతికి కాళ్లు రాలేదు. అయినా వెళ్లింది. చిట్టెమ్మ ఆమెను చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. నాంచారయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“మనదైతేనే గదా మేడంగారూ అది తప్పుకునేది?”

“అవును.”

“మరి మావోడి మీదికి వచ్చింది ఎదటిది గదా. ఎందుకు తప్పుకుంది?”

“తెలీదు నాంచారయ్య గారూ. తెలుసుకుని నేనే వచ్చి మీకు చెప్తాను.”

“చెప్పండి. ఏదైనా సరే, దాచొద్దు. ఏదీ తెలీకపోతే ఇట్టా అరుగు మీద కూకుని పిచ్చెక్కుద్ది నాకు.”

మాటిచ్చి వచ్చింది. ఇచ్చేటప్పుడు ఆ మాట బరువెంతో ఆమెకు తెలియదు.

హైదరాబాదులో డైరెక్టరు శేషాచలం ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే ఒత్తిడి అంతా ఆయన నెత్తి మీదే ఉంది.

“రెండో చూపు తీసేయమంటున్నారు ఇందుమతీ. క్షిపణి పని కూల్చడం, ఆలోచించడం కాదంటున్నారు. సైన్యం నమ్మకం పోయింది.”

“తీసేస్తే మళ్లీ మనవాళ్లనే కూలుస్తుంది సార్.”

“ఇప్పుడు మనవాళ్లే పోయారుగా! నాకు మాత్రం సరదానా? ఎందుకలా చేసిందో చెప్పు, నీ పక్షాన నిలబడతాను. చెప్పలేకపోతే వచ్చే సమావేశంలో సంతకం పెట్టేస్తాను.”

వదిలిన ప్రతి క్షిపణీ తను చూసినదాన్ని పేలేలోగా బండికి పంపిస్తుంది. బండి కాలిపోయినా, అంతకు ముందే ఆ చూపు వెనకున్న కేంద్రానికి చేరింది. ఇందుమతి దాన్ని తెర మీద పెట్టుకుని కూర్చుంది. డ్రోన్ రెక్కలు ఎదటివాటిలాగే ఉన్నాయి. ఇంజను వణుకూ ఎదటిదే. తోక దగ్గర మాత్రం ఏదో సన్నగా, ఆగకుండా కొట్టుకుంటోంది. దారిలో మన తుపాకులవాళ్లు అంతకు ముందే దాన్ని కాల్చారని నివేదికలో ఉంది. తోక మీది పొర చిరిగి వేలాడి ఉంటుంది. ఆ పీలిక గాలికి కొట్టుకుంటూ తోకను లాగుతోంది.

ఒక్క చిరుగు చూసి ఎందుకు మోసపోయింది? ఇందుమతి పాత పరీక్షలన్నీ తిరగేసింది. మనవాటి తోకల దగ్గర అదే కొట్టుకోవడం. ప్రతిదాంట్లోనూ. ఎదటివాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. తోక సంగతి చెరిపేసి యంత్రానికి చూపించింది. అది ఏది మనదో ఏది ఎదటిదో చెప్పలేక తికమకపడింది. రెక్కలూ ఇంజనూ అది ఎన్నడూ పట్టించుకోలేదు. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఒకటి కనిపించింది, దాన్నే పట్టుకుంది.

తోకల మీద ఏముందో ఆమెకు వెంటనే తట్టలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని అన్నేళ్లుగా చూస్తూ చూడటం మానేసింది. మర్నాడు చింతలదిబ్బకు వెళ్లింది. కొడుకు కర్మ ముగించుకుని నాంచారయ్య పనిలోకి వచ్చాడు. ఇంట్లో ఉండలేకపోతున్నానన్నాడు. వేరే ఏదో చిన్న పరీక్షకు బొమ్మను తయారుచేస్తున్నాడు. సముద్రం మీద నుంచి గాలి విసురుగా వీస్తోంది. బొమ్మ తోకకు కట్టిన పసుపు గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. గుడ్డ కొట్టుకున్నప్పుడల్లా తోక సన్నగా వణుకుతోంది.

ఇందుమతి వంగి ఆ తోకను వేలితో ఆపింది. గుడ్డ రాడార్‌కు కనిపించదు. గుడ్డ లాగితే వణికే తోక కనిపిస్తుంది. యంత్రం నేర్చుకున్నది భానును కాదు, మన హెలికాప్టర్లను కాదు. తోకన పేలిక ఉంటే మనది, లేకపోతే ఎదటిది. అంతే. డ్రోన్ల మీద అంత బాగా పనిచేసిందీ అందుకే, వాటికి పేలికలు లేవు కాబట్టి. యుద్ధంలో మన హెలికాప్టర్ పొరపాటున దాని ముందుకు వచ్చి ఉంటే, రెండోసారి చూసి మరీ కూల్చి ఉండేది. భాను మళ్లీ పోయి ఉండేవాడు.

“ఏంటమ్మా, అట్టా ఉన్నారు? తెలిసిందా?” అన్నాడు నాంచారయ్య.

తెలియలేదని ఒక్క మాట అంటే చాలు. ఆ మనిషి మిగిలిన రోజులు అరుగు మీద కూర్చుని కొడుకును తలుచుకుంటాడే తప్ప తన చేతులను చూసుకుని కుమిలిపోడు. అనడం ఎంత తేలిక! ఆమె అనలేకపోయింది, నిజమూ చెప్పలేకపోయింది. “రేపొస్తాను” అని వెనక్కు తిరిగింది.

శేషాచలానికి మాత్రం ఫోనులోనే చెప్పేసింది.

“పసుపు గుడ్డా?” అన్నాడాయన. “పసుపు గుడ్డ అని రాస్తే మొహాన ఉమ్మేస్తారు ఇందుమతీ. దేశమంతా మనల్ని చూసి నవ్వుతుంది. సాంకేతిక లోపం అని రాసి, రెండో చూపు తీసేద్దాం. ఆ ముసలాయనకూ తెలియనక్కర్లేదు. అతని మీద జాలితోనైనా ఆ పని చెయ్యి.”

“తీసేస్తే రేపు ఇంకెవరి తమ్ముడో పోతాడు సార్. లోపం చూపులో లేదు. మనం చూపించినదాంట్లో ఉంది. అది రాయకుండా దాన్ని బాగుచేయమని ఎలా అడగను?”

“అయితే నీ పేరే ముందుంటుంది.”

“ఉండాలి. ఉండనివ్వండి అన్నది నేనేగా.”

మర్నాడు నాంచారయ్యను పడవ నీడన కూర్చోబెట్టి, దాపరికం లేకుండా అంతా చెప్పింది. చెప్పినంతసేపూ అతను ఇసుక వైపే చూశాడు. అయ్యాక తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. ఏ చూపు చూడాల్సి వస్తుందని ఆమె భయపడిందో అదే చూపు.

“అయితే నేనేనన్నమాట.”

“మీరు కాదు. మీరు బొమ్మలు తిరిగి రావాలని కట్టారు. ఆపమన్న మనిషిని నోరు మూయించింది నేను. యంత్రం దేన్ని చూస్తోందో సరిచూసుకోవాల్సిందీ నేనే. ఆ చదువు నాది, మీది కాదు.”

“మావోడు అడిగాడమ్మా.” నాంచారయ్య చేతులు ఒళ్లోకి దించుకున్నాడు. “మా బండికి కట్టు నాన్నా అన్నాడు. నేను కట్టలేదు. ఎవుడి తోకకో కట్టినట్టయ్యింది.”

ఆ దుఃఖానికి చెప్పే మాట ఏ చదువులోనూ లేదు. పడవ నీడ జరిగి ఎండ మీదికొచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

లేవబోతూ అతనే అడిగాడు. “ఇప్పుడేం చెయ్యాలి మరి?”

“మళ్లీ మొదటి నుంచీ నేర్పాలి. మనవాటిలో కొన్నిటికి గుడ్డ కట్టకుండా ఎగరెయ్యాలి. ఎదటివాటిలో కొన్నిటికి కట్టాలి. అప్పుడు గుడ్డను నమ్మడం మానేసి, అసలు వణుకును చూడ్డం నేర్చుకుంటుంది.” కాస్త ఆగి, “ఆ పని మీరే చెయ్యాలని లేదు. వేరేవాళ్లను పెడతాను” అంది.

“రానిదానికి కట్టాలా?”

“కట్టాలి.”

నాంచారయ్య సముద్రం వైపు చూశాడు. “నేనే కడతా” అన్నాడు.

నివేదికలో పసుపు గుడ్డ అనే రాసింది ఇందుమతి. నవ్వినవాళ్లు నవ్వారు. ఆమెను పదవి నుంచి దించి, పరీక్షలు పూర్తయ్యేదాకా ఆ ఒక్క పని మీదే ఉంచారు. అంతకన్నా ఆమె ఏమీ కోరుకోలేదు. శేషాచలం మాట నిలబెట్టుకుని, రెండో చూపుకు ఇంకొంత గడువు ఇప్పించాడు.

మొదటి పరీక్షకు గుడ్డలు తడపడానికి చిట్టెమ్మ ఒప్పుకోలేదు. నాంచారయ్యే పసుపు కలుపుకున్నాడు. ఎదటిదాని తోకకు ముడి వేస్తున్నప్పుడు అతని పెదవులు కదిలాయి. తల్లికి ఏం చెప్పుకున్నాడో ఎవరూ అడగలేదు. అది ఎగిరింది. క్షిపణి వెళ్లి, గుడ్డ లాగుతున్న తోకను చూసి, పాత అలవాటు కొద్దీ తప్పుకుంది. తర్వాత గుడ్డ లేని మనది వెళ్లింది. దాన్ని నిలువునా కూల్చేసింది. నిజం అందరి కళ్లెదుటా సముద్రంలో పడింది.

నేర్పుతూ పోయారు. వానలు వచ్చి వెళ్లాయి. క్రమంగా గుడ్డ కట్టిన ఎదటివి కూలడం మొదలైంది. కూలినప్పుడల్లా చప్పట్లు కొట్టబోయినవాళ్లు నాంచారయ్యను చూసి చేతులు దించుకునేవారు. అతను ఇంకో బొమ్మను బల్ల మీదికి ఎత్తుకునేవాడు. అలా ఎన్నో కట్టాడు, రావని తెలిసీ కట్టాడు.

ఇక మిగిలింది గుడ్డ లేని మనది. అది ఎప్పుడు వెళ్లినా కూలిపోతూనే ఉంది. గడువు దగ్గరపడింది.

ఆ ఉదయం ఎర్రజెండా ఎగరేశారు. నాంచారయ్య ఉత్త తోకతో మనదాన్ని వదిలాడు. వదిలాక ఎప్పుడూ ఆకాశం వైపు చూసేవాడు, ఆ రోజు తల వంచుకుని నిలబడ్డాడు. డేగ గర్జించింది. ఇందుమతి మాత్రం చూసింది. పొగ గీత సూటిగా వెళ్లింది, ఇంకా వెళ్లింది, ఇక అయిపోయిందనుకుందామె. క్షిపణి ముక్కు పైకెత్తింది. పక్కకు తప్పుకొని, ఎండలో ఎక్కడో పైన పేలింది.

చప్పుడు విని నాంచారయ్య తలెత్తాడు. బొమ్మ ఒడ్డు వైపు వస్తోంది. వచ్చి వలలో పడింది. అతను గబగబా వెళ్లి దాని తోక తడిమి చూశాడు.

“ఏమీ కట్టకుండానే వచ్చేసిందమ్మా” అన్నాడు. కొడుకు పోయాక అందరి ముందూ అతను ఏడవడం అదే మొదటిసారి. బొమ్మను ఒళ్లో పెట్టుకుని, ఇసుకలో కూర్చుని, బిగ్గరగా ఏడ్చాడు. చిట్టెమ్మకు ఎవరు కబురు చేశారో, పల్లె వైపు నుంచి వచ్చి అతని పక్కన కూలబడింది. ఇందుమతిని చూసి ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఏడుపు తగ్గాక చిట్టెమ్మ కొంగు ముడి విప్పి ఒక పేలిక తీసింది. పసుపు ఇంకా తడిగా ఉంది. నాంచారయ్య దాన్ని పట్టుకుని డేగ దగ్గరికి నడిచాడు. బండి లోపలి నుంచి ముగ్గురు సైనికులూ దిగి నిలబడ్డారు.

“అమ్మా, దీనికి కడితే ఏమన్నా చెడుద్దా?” అని అడిగాడు.

పూర్వం అడిగి ఉంటే ఏం చెడుతుంది అనేసేది. ఇప్పుడు ఇందుమతి బండి చుట్టూ తిరిగింది. పైన తిరిగే రాడార్‌ను చూసింది, క్షిపణుల గొట్టాలను చూసింది, గాలి ఎటు వీస్తోందో చూసింది. ముందున్న కొక్కేన్ని చేత్తో కదిపి చూసింది. అది కదల్లేదు.

“ఇక్కడ కట్టండి. ఏమీ చెడదు” అంది.

అతను కొక్కేనికి పేలిక చుట్టాడు. ముడి వేస్తుంటే రెండో కొస ఇందుమతి పట్టుకుంది.